ఊఁ కొట్టేవాడి విద్య

ఒగ్గు కథ ఒక్కడు కూర్చుని నేర్చుకునేది కాదు. పాటైతే ఒక్కడే పాడుకోవచ్చు. డోలైతే ఊరి బయట చెరువుకట్ట మీద ఒక్కడే వాయించుకోవచ్చు. కథ మాత్రం రెండో మనిషి లేనిదే మొదలవదు. ఒకడన్న మాటను ఇంకొకడు అందుకోవాలి, మూడోవాడు దానికి దెబ్బ వేయాలి, నాలుగోవాడు తాళం కలపాలి. అందుకే ఈ కళకు గురువు ఎంత అవసరమో, కలిసి తిరిగే నలుగురు ఈడువాళ్లు అంతే అవసరం. నన్నడిగితే రెండోదే ఒక పిసరు ఎక్కువంటాను.

ఈ మాట బసంత్‌నగర్ పిల్లలను మనసులో పెట్టుకుని అంటున్నాను. పెద్దపల్లి దాటి గోదావరిఖని వైపు పోతుంటే రాజీవ్ రహదారి పక్కనే ఉంటుంది ఆ ఊరు. 1969లో కేశోరాం పేరుతో మొదలైన సిమెంటు ఫ్యాక్టరీ, దాన్ని ఆనుకుని కాలనీ, విమానాలు రావడం ఎప్పుడో మానేసిన రన్‌వే. ఇంకా ముందుకు పోతే ఎన్టీపీసీ పొగగొట్టాలు, ఆ తర్వాత సింగరేణి బాయిలు. ఇక్కడ బాయి అంటే బొగ్గుగనే. ఇంటరో ఐటీఐయో చదువుకుంటూ పాటా ఆటా కలిసిన నాటకమంటే చెవి కోసుకునే పిల్లలు ఈ బొగ్గు పట్టీలోనూ ఉంటారు, ఏ ఊళ్లో ఉండరు గనక! కాలేజీ వార్షికోత్సవానికి స్కిట్ వేస్తారు, ఫోన్లో రీల్స్ చేస్తారు, సినిమా పాటకు మాటలు మార్చి నవ్విస్తారు. అలాంటి నలుగురు దోస్తులు సంగీత నాటకం చూడాలంటే న్యూయార్క్ బ్రాడ్‌వే వీడియోలు వెతుక్కోనక్కర్లేదు. రామగుండంలో కాజీపేట వైపు ప్యాసింజర్ ఎక్కితే పెద్దపల్లి దాటిన కాసేపటికి ఓదెల వస్తుంది. అక్కడ మల్లికార్జున స్వామి గుడి ఉంది. జనం ఓదెల మల్లన్న అంటారు. అక్కడ ఒగ్గు పూజారులు పట్నాలనే రంగుముగ్గులు వేస్తారు, మల్లన్న కథ చెబుతారు. కొమురవెల్లిలోనూ, వరంగల్ దగ్గర ఐనవోలులోనూ ఇదే విద్య. మన పిల్లలకు దగ్గరిది ఓదెల.

కథ చెప్పేవాళ్లలో ఎక్కువమంది కురుమలు, గొల్లలు. కురుమల దేవుడు బీరప్ప, గొల్లకురుమల దేవుడు మల్లన్న. ఈ ఇద్దరి పుట్టుక, పెళ్లి, తగాదాలు, మహిమలే అసలు కథలు. మల్లన్నకు ఇద్దరు భార్యలు, బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ. బీరప్పకు కామరాతితో పెళ్లి. వీటి పక్కన ఎల్లమ్మ కథ. బీరప్ప పండుగ పెట్టుకున్న ఊళ్లో కథ రోజుల తరబడి సాగుతుంది. వినేవాళ్లు మధ్యలో ఇంటికి వెళ్లి బువ్వ తిని వస్తారు, గొర్లను చూసుకుని వస్తారు. కథ వాళ్లకోసం ఆగదు. అయినా వచ్చి కూర్చున్న మనిషి రెండు నిమిషాల్లో మళ్లీ కథలో పడిపోతాడు. అలా పడేసే పనంతా వంతదే, అంటే కథకుడి పక్కన నిలబడి మాట అందుకునేవాడిదే.

జట్టులో ముందు నిలబడేవాడు కథకుడు. కాళ్లకు గజ్జెలు, నడుముకు దట్టీ, తలకు రుమాలు, ముఖాన బండారి. బండారి అంటే మల్లన్న పసుపు. అతని పక్కన వంత. వెనక డోలు, తాళాలు, కొన్ని జట్లలో నపీర అనే ఊదే వాద్యం. ఒగ్గు అని పిలిచే చిన్న ఢమరుకం పూజలోనూ కథలోనూ మోగుతుంది. పేరు దానిదే అయినా, దూరం నుంచి వినేవాడికి ముందు వినిపించేది డోలే.

చూడవచ్చినవాళ్ల కళ్లన్నీ కథకుడి మీదే ఉంటాయి. నేర్చుకోవాలని వచ్చినవాడు మాత్రం మొదటి గంట వంతను చూడాలి. కథకుడు ఒక చరణం ఎత్తుకుని సగంలో వదిలేస్తాడు. మిగతా సగం వంత పాడతాడు. కథకుడు ఆ సందులో ఊపిరి తీసుకుంటాడు, ఒక చుట్టు తిరుగుతాడు, తర్వాతి మాట తలుచుకుంటాడు. గంటల కొద్దీ చెప్పే మనిషి గొంతు తెల్లవారేదాకా నిలిచిందంటే కారణం ఈ సగం సగం లెక్కే. వచనంలోకి దిగాక వంత పని మారుతుంది. ప్రతి మాటకూ “ఊఁ” అంటాడు. ఊఁ అంటే ఒక్క ఊఁ అనుకునేరు. కథ ముందుకు ఉరికితే చిన్న ఊఁ, అనుమానం వస్తే సాగదీసిన ఊఁ, నమ్మబుద్ధి కాకపోతే “గట్లనా?”, భయమేస్తే ఏమీ అనకపోవడం. జనంలో కూర్చున్న ముసలమ్మకు ఏ ప్రశ్న పుడుతుందో అది ఆమెకన్నా ఒక క్షణం ముందు వంత నోట్లోంచి రావాలి. మేడలమ్మ పుట్టింటివాళ్లు పిల్లనివ్వమంటే వంత అడుగుతాడు: “ఎందుకియ్యరు, పిలగానికి ఏం తక్కువ?” జనం నవ్వుతారు. కథకుడికి జవాబు చెప్పే వంకతో తర్వాతి ఘట్టం దొరుకుతుంది.

ఇదంతా వంత తెలిసి చేసే పని. అందులో మోసం కూడా ఉంది, మంచి మోసం. కథకుడు మరిచిపోతే వంత తెలివితక్కువవాడిలా ప్రశ్న వేసి దారి చూపిస్తాడు. “ఆగాగు, ఇందాక ఏడుగురన్నవు, ఇప్పుడు ఆరుగురే వచ్చిరి, ఒకడేడబోయె?” అంటాడు. జనానికి అది హాస్యం. కథకుడికి అది రక్షణ. ఇలాంటిది రాసుకుని కంఠస్థం చేస్తే రాదు. వీడు ఏ మాట దగ్గర తడబడతాడు, ఏ రాగం దగ్గర గొంతు బిగుసుకుంటుంది, కోపం వస్తే ఎడమ కాలు ముందు పడుతుందా కుడి కాలా, ఇవన్నీ తెలిసినవాడే వంత కాగలడు. అంత తెలియాలంటే చిన్నప్పటి నుంచి ఒకే బెంచీ మీద కూర్చుని ఉండాలి. లేదంటే ఒకే బాయిలో ఒకే షిఫ్టు దిగి ఉండాలి.

మన చుట్టూ ఉన్న కథలన్నింటిలోనూ ఈ రెండో మనిషి ఉన్నాడు. బుర్రకథలో ఇద్దరు వంతలు, ఒకరు హాస్యానికి, ఒకరు లోకం సంగతులు కలపడానికి. ఛత్తీస్‌గఢ్ పండవానీలో రాగీ అనే తోడు ప్రతి మాటకూ బదులు పలుకుతాడు. తీజన్ బాయి చేతిలో తంబురా భీముడి గద అయ్యేది ఆ బదులు పలుకు మీదే. 2019లో పద్మవిభూషణ్ అందుకున్న ఆమె భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేసింది. పొగగొట్టాల ఊళ్లు కథలు బతికే చోట్లు కావని ఎవరైనా అంటే ఆమె పేరు చెబితే సరిపోతుంది.

డోలు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఎందుకంటే ఇప్పుడు అందరూ చెప్పేది దాని గురించే. మెడకు వేలాడదీసుకుంటారు, ఒక ముఖాన్ని పుల్లతో, రెండో ముఖాన్ని అరచేత్తో వాయిస్తారు. కథ వచనంలో ఉన్నప్పుడు డోలు ఊరుకుంటుంది. ఊరుకోవడం కూడా వాయించడమేనని డోలు పట్టిన కుర్రవాడికి అర్థం కావడానికే చాలా రోజులు పడుతుంది. వాడి చేతులు ఆగవు. పాత్ర మారే చోట ఒక దెబ్బ, గుర్రం ఎక్కితే వరుస దెబ్బలు, దేవుడు పూనితే దరువు రెట్టింపు. తాళం పట్టినవాడు ఈ మార్పులన్నింటి కింద ఒకే నడక పట్టుకుని ఉంటాడు. వాడు తడబడితే అందరూ తడబడతారు. అయినా జట్టులో వాడి పేరు ఎవరికీ గుర్తుండదు.

ఇక వేషం మారడం. తెర లేదు, రంగు లేదు, నేపథ్యం లేదు. తలరుమాలు విప్పి భుజాన వేసుకుంటే ఆడమనిషి, నడుముకు చుడితే రాజు, ముఖం మీదికి లాక్కుంటే ఏడుపు. ఎల్లమ్మ కథలోని ఒక ఘట్టాన్ని చూస్తే ఇది ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది.

ఎల్లమ్మ అంటే రేణుకే. ఆమె రోజూ ఇసుకతో కుండ చేసి, పామును చుట్టకుదురుగా పెట్టుకుని నీళ్లు తెస్తుంది. ఒకరోజు మనసు ఒక్క క్షణం చెదిరింది. కుండ నిలవలేదు. భర్త జమదగ్నికి తెలిసిపోయింది. తల్లిని నరకమని కొడుకులను అడిగాడు. పెద్దవాళ్లు కాదన్నారు. చిన్నవాడు పరశురాముడు మిగిలాడు. ఇంతవరకూ పురాణం అందరికీ తెలిసిందే. ఒగ్గులో ఇది ఇద్దరు మగవాళ్ల మధ్య జరుగుతుంది. కుండ ఘట్టం దాకా కథకుడు రేణుక. రుమాలు భుజం మీద, నడక చిన్నచిన్న అడుగులు, గొంతు సన్నగా, పాట నెమ్మదిగా. కుండ పగిలిన చోట డోలు ఒక్క దెబ్బ వేసి ఆగిపోతుంది. కథకుడు అక్కడే వెనక్కి తిరుగుతాడు. మళ్లీ ఇటు తిరిగేటప్పటికి రుమాలు తలకు ఎక్కి ఉంటుంది. ఇప్పుడు జమదగ్ని. గొంతు కడుపులోంచి వస్తుంది. వంత పరశురాముడు. వాళ్ల మాటలు ఇట్లా ఉండవచ్చు, మాటవరసకు నేనే రాస్తున్నాను:

“కొడుకా, గొడ్డలి తీయి.”

“ఎందుకు నాయినా, కట్టెలకు పోదమా?”

“కట్టెలకు గాదు బిడ్డా.”

“మరి?”

వంత “కట్టెలకు పోదమా” అనగానే జనం నవ్వుతారు. నవ్వించడానికే ఆ మాట. ఆ నవ్వు సగంలో ఉండగానే “మరి?” వస్తుంది. రెండోసారి నవ్వబోయినవాళ్లు ఆగిపోతారు. కథకుడు జవాబు చెప్పడు. డోలు పలకదు. తాళం పలకదు. నవ్వులోంచి భయంలోకి జనాన్ని ఇంత దగ్గరి దారిలో తీసుకెళ్లడం పెద్ద పెద్ద నాటకాలకు కూడా కష్టమే. అది కథకుడి గొంతు వల్ల వచ్చింది కాదు. ఎక్కడ తెలివితక్కువగా మాట్లాడాలో తెలిసిన రెండోవాడి వల్ల వచ్చింది. ఆ తర్వాత కథకుడు పాటందుకుంటాడు, ఈసారి తల్లిగా. తనను నరకడానికి వచ్చిన కొడుకుకు చెప్పే మాటలన్నీ పాటలోనే వస్తాయి.

పాట ఎక్కడ, మాట ఎక్కడ అన్న లెక్క ఒగ్గు జట్లకు తరాల నుంచి ఉంది. తగాదా, బేరం, హాస్యం, ఊళ్ల పేర్లు వచనంలో నడుస్తాయి. దుఃఖం, ప్రయాణం, కాలం గడవడం పాటలో. అడవి దాటడానికి నాలుగు రోజులు పడితే నాలుగు చరణాలతో సరి. 1943లో బ్రాడ్‌వే మీదికి వచ్చిన ‘ఓక్లహోమా!’ పేరెత్తినప్పుడల్లా అక్కడి విమర్శకులు అందులో పాట కథను నడిపించిందని చెబుతారు. గొప్ప సంగతే. మల్లన్న గుడి ముందు కూర్చునే రైతుకు మాత్రం కథను ఆపేసి పాట పాడడం అనే ఆలోచనే వింతగా ఉంటుంది.

మన దగ్గరి ఇతర సంగీత నాటకాలతో పోలిస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటకం కుటుంబాలది. అక్కడ పిల్లలు వేదిక మీదే పెరుగుతారు. తెరలు, యంత్రాలు, గాల్లోకి లేచే ఘటోత్కచుడు, అదో పెద్ద సంసారం. పద్య నాటకం గొంతున్న నటుడిది. ఒక్క పద్యానికి వన్స్‌మోర్ కొట్టించుకున్నవాడే రాజు, పక్కన నిలబడ్డవాడు ఆ రాగం అయ్యేదాకా చేతులు కట్టుకుని నిలబడాలి. చిందు యక్షగానం చిందువాళ్లది. వేషాలు, కిరీటాలు, మద్దెల ఉన్న నిండు ఆట. దానికోసం జీవితమంతా ఇచ్చిన చిందు ఎల్లమ్మ లాంటి కళాకారులున్నారు. 2024లో గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది కూడా ఆ కళకే. వీటన్నిటికీ పెట్టుబడి కావాలి, లేదా పుట్టుక కావాలి. ఒగ్గుకు కావలసిన సామాను తక్కువ. నాలుగు జతల గజ్జెలు, ఒక డోలు, రెండు జతల తాళాలు, నాలుగు రుమాళ్లు. సెలవు రోజు సాయంత్రాలు దొరికే కుర్రవాళ్లకు ఇదే అందుబాటులో ఉన్న నాటకం.

పుట్టుక మాట వచ్చింది కాబట్టి దాన్ని తప్పించుకోకుండా మాట్లాడాలి. ఒగ్గులో రెండున్నాయి. ఒకటి పూజ. మల్లన్న పెళ్లి జరిపించడం, పట్నం వేయడం దీక్ష తీసుకున్న ఒగ్గు పూజారుల పని. పట్నం అంటే నేల మీద రంగు పొడులతో వేసే పెద్ద ముగ్గు. బియ్యప్పిండి తెలుపు, పసుపు, కుంకుమ ఎరుపు, ఆకుపొడి పచ్చ, ఇంకా నలుపు. గంటల తరబడి వంగి వేసిన ఆ పట్నాన్ని చివరికి తొక్కి చెరిపేస్తారు. కొమురవెల్లిలో శివరాత్రి నాడు పెద్దపట్నం చూసినవాళ్లకు ఆ తొక్కిసలాట, గాల్లోకి లేచే బండారి, పూనకం వచ్చిన శివసత్తులు మరిచిపోవాలన్నా మరుపు రావు. ఆ పని ఇష్టమున్న ప్రతివాడూ చేయబోవడం తప్పు. అది ఒక కులం తన దేవుడికి చేసుకునే సేవ, దానితో వాళ్ల బతుకుతెరువు కూడా ముడిపడి ఉంది. రెండోది కథ. కథ ఎప్పుడో గుడి దాటింది. జనగామ ప్రాంతం మాణిక్యపురం నుంచి వచ్చిన చుక్క సత్తయ్య, వేములవాడ పక్క హనుమాజీపేట మిద్దె రాములు దాన్ని పండుగ పందిళ్ల నుంచి రవీంద్రభారతి దాకా తెచ్చారు. రాములు 2010లో, సత్తయ్య 2017లో పోయారు. వాళ్ల నోట మల్లన్న, బీరప్పలతో పాటు పురాణ కథలు, రాజుల కథలు కూడా ఒగ్గు నడకలోకి వచ్చాయి. ఇవాళ ఇతర కులాలవాళ్లూ ఒగ్గు కథ చెబుతున్నారు. బసంత్‌నగర్ దోస్తులు కథ పట్టుకోవచ్చు, పట్నం జోలికి పోకూడదు. ఎవరి దగ్గర నేర్చుకున్నారో ప్రతి ప్రదర్శనలోనూ పేరు పెట్టి చెప్పాలి. ఆ గురువుకు కట్నం ముట్టాలి. ఇది మర్యాద ప్రశ్న మాత్రమే అనుకోకండి. కళ వాడుకుని కళాకారుడి పేరు మింగేసిన చరిత్ర మనకు చాలానే ఉంది.

ఈ కథ ఎంత పాతదో లెక్క కట్టడం నా పని కాదు. మల్లన్న గురించిన ఆనవాళ్లు మాత్రం పాత తెలుగు పుస్తకాల్లో దొరుకుతాయి. ఓరుగల్లు వీధులను చూపించే ‘క్రీడాభిరామం’లో మైలారుడి భటుల సాహసాలున్నాయి. మైలారుడంటే మన మల్లన్నే. పాల్కురికి సోమనాథుడి ‘పండితారాధ్య చరిత్ర’ శ్రీశైలం యాత్రలో ఆడే పాడే జనాన్ని నిండుగా చూపిస్తుంది. ఇటీవలి కాలానికి వస్తే 1950లలో బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో జానపద గేయాల మీద పరిశోధన చేసి దారి వేశారు. 1992లో మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి ‘తెలుగువారి జానపద కళారూపాలు’ అని పెద్ద పుస్తకం తెచ్చారు. ఇవన్నీ చదవాల్సినవే. కాకపోతే అచ్చులో ఒక చిక్కుంది. కథ అచ్చయితే కథకుడి మాట నిలుస్తుంది, వంత ఊఁ రాలిపోతుంది. అచ్చు పుస్తకం చదివి ఒగ్గు నేర్చుకున్నవాడు సగం కళనే నేర్చుకుంటాడు, అదీ తేలికైన సగం.

బొగ్గు పట్టీకి ఈ కథలు ఎలా వచ్చాయన్నది పెద్ద ముడి ఏమీ కాదు. ఇల్లందు దగ్గర 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ అనే పేరు వచ్చింది. 1960ల మొదట్లో రామగుండం వైపు బాయిలు తెరుచుకున్నాయి. చుట్టుపక్కల పల్లెల నుంచి తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు ఎత్తడానికి వచ్చిన మనుషులు తమ దేవుళ్లను, తమ పండుగలను వెంట తెచ్చుకున్నారు. కూలిలైన్లలో బోనాలు లేచాయి, మల్లన్నకు మొక్కులు నడిచాయి. అయితే ఊళ్లో కథకు ఉన్న కాలం ఇక్కడ లేదు. పొద్దున షిఫ్టు, మధ్యాహ్నం షిఫ్టు, రాత్రి షిఫ్టు. తెల్లవార్లూ కథ వింటే పొద్దున బాయి దిగేది ఎట్లా? కథ మొదలయ్యేసరికి రాత్రి షిఫ్టువాళ్లు లేచి వెళ్లిపోతారు. మధ్యలో ఇంకో షిఫ్టువాళ్లు వస్తారు. వాళ్లకు ముందు జరిగింది తెలియదు. ఈ పట్టీలో కథ చెప్పాలంటే ఆపి, జరిగింది రెండు ముక్కల్లో చెప్పి, మళ్లీ ఎత్తుకోవడం రావాలి. ఆ పని కూడా వంత చేతిలోనే పెడితే మేలు. కథకుడు ఆగితే వేగం పోతుంది. వంత “నువ్వు డ్యూటీల ఉంటివి కదా, ఏమైందో చెప్త విను” అని ముందు వరుసలో కూర్చున్నవాడితో మాట కలిపితే పోదు.

ఇదే పట్టీలో కథకు ఇంకో ఉపయోగం దొరికింది. 1972లో మొదలైన జననాట్యమండలి పల్లె కళలను రాజకీయానికి వాడింది. ఆ మండలి గాయకుడు గద్దర్ భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలు చూసినవాడికి ఆ వేషం ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు. కురుమ నేసిన గొంగడి మైదానాలకు, సభలకు చేరింది. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల మీద అదే డోలు, అదే గజ్జె. అక్షరాస్యతకు, కుటుంబ నియంత్రణకు, పారిశుధ్యానికి ప్రభుత్వాలు కూడా ఒగ్గును పిలిచాయి. ప్రచారానికి వాడితే కళ చెడిపోతుందని నేననను. బుర్రకథ ప్రచారంలోనే రాటుదేలింది. షేక్ నాజర్ గొంతు దానికి సాక్ష్యం.

నా బాధ వేరే. ఇప్పుడు సభల్లో కనిపించేది ఒగ్గు డోలు. పసుపు బట్టల్లో పదీ ఇరవైమంది కుర్రవాళ్లు, ఎగిరే దరువు, ఒకడి భుజం మీద ఒకడు ఎక్కి కట్టే గోపురం, ముఖ్య అతిథికి స్వాగతం, అయిదు నిమిషాల్లో ముగింపు. చూడడానికి కన్నులపండుగే. ఆ కుర్రవాళ్ల ఒళ్లు విరిచే సాధనను తక్కువ చేయను. వాళ్లకు నాలుగు రూపాయలు వస్తున్నందుకు సంతోషమే. కానీ అందులో కథ లేదు. కథ లేనిచోట వంతకు పని లేదు. ఇరవైమంది ఉన్నా ఒకడి మాటకు ఇంకొకడు ఊఁ అనే అవసరం రాదు. దరువు నేర్పడం తేలిక, ఫోటోకు బాగుంటుంది, ఏ భాషవాడికైనా అర్థమవుతుంది. కాబట్టి అదే పెరుగుతుంది. కథ తెలిసిన పెద్దలు తగ్గిపోతున్నారు. మిగిలినవాళ్ల దగ్గరికి పోయి కూర్చునే ఓపిక ఉన్నది డోలు జట్లకన్నా కథా పిచ్చి ఉన్న దోస్తులకేనని నా అనుమానం.

అందుకని ఆ నలుగురికి నాలుగు మాటలు. పెద్ద కథ ఎత్తుకోకండి. మల్లన్న కథ మొత్తం చెప్పబోతే ఏళ్లు పడుతుంది, గౌరవం కూడా నిలవదు. ఎల్లమ్మ కథలో ఒక్క ఘట్టం చాలు, ముప్పై నలభై నిమిషాలు. కథ తెలిసిన పెద్దమనిషి దగ్గరికి నలుగురూ కలిసే వెళ్లండి. ఒకడు వెళ్లి రికార్డు చేసుకొస్తే మిగతా ముగ్గురూ ఫోన్ దగ్గర నేర్చుకుంటారు, మనిషి దగ్గర కాదు. ఆయన చెప్పేటప్పుడు మీలో ఒకడు మొదటి క్షణం నుంచే ఊఁ కొట్టాలి. ఊఁ వినపడకపోతే ఆయనా సరిగా చెప్పలేడు. భాష ఆయనదే ఉంచండి. “ఏడబోయినవ్” అన్నచోట “ఎక్కడికి వెళ్లావు” పెడితే పాట తాళంలోంచి జారిపోతుంది. వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞానపీఠం ఉంది. పుస్తకాలు, పరిశోధనలు అక్కడ చూడొచ్చు. కానీ అది ఘట్టం ఒకసారి నోటికి వచ్చాక చేయాల్సిన ప్రయాణం. మైకు ఒక్కటే దొరికితే కథకుడి ముందు పెట్టకండి. కథకుడికీ వంతకూ మధ్య పెట్టండి.

ఎవరు కథకుడు, ఎవరు వంత అని తగువు రావడం ఖాయం. గొంతు బాగున్నవాడు కథకుడైపోతాడు, అది సహజం. నా మాట వింటే నలుగురిలో అందరికన్నా చురుకైనవాణ్ణి, ఎవడు ఏమన్నా తక్షణం బదులిచ్చేవాణ్ణి, తరగతిలో మాస్టారు చేత ఎక్కువసార్లు నోరుమూసుకోమనిపించుకున్నవాణ్ణి వంతను చేయండి. తర్వాత అందరి డ్యూటీలు ముందు పెట్టుకుని రోజు ఖాయం చేసుకోండి. కథకుడికి జ్వరం వస్తే వంత కథను ఎలాగో గట్టెక్కిస్తాడు, చరణాలన్నీ వాడికీ వచ్చు కదా. వంతకు రాత్రి షిఫ్టు పడితే మాత్రం ఆ రోజు కథ పెట్టుకోకండి, ఆదివారానికి జరపండి.